ఇంజన్ పెట్టె మీద కూర్చున్నదెవరు?

వెళ్లిన జాకెట్లన్నీ తిరిగొచ్చాయి కాబట్టి వెళ్లిన మనుషులంతా తిరిగొచ్చినట్టే. ఇదీ ఇస్త్రీ ఇన్‌స్పెక్టర్ సిద్ధాంతం. రేవు పోలీస్ స్టేషన్‌లో ఫ్యాను కింద కూర్చుని ఆ ముక్కే అతను మూడోసారి చెప్పాడు.

ఇస్త్రీ అన్నది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదని వేరే చెప్పక్కర్లేదు. చొక్కా నలుగుతుందని కుర్చీలో వెనక్కి కూడా ఆనుకోని మనిషికి స్టేషన్ మొత్తం కలిసి పెట్టుకున్న పేరది. అతనికి ఎదురుగా కూర్చున్న డిటెక్టివ్‌కీ అలాంటిదే ఒకటుంది, చాదస్తం. అడిగిన ప్రశ్ననే తిప్పి తిప్పి అడుగుతాడని, ఆయన పోలీసు ఉద్యోగంలో ఉండగా చేతికింద పనిచేసిన ఈ ఇస్త్రీయే దాన్ని తగిలించాడు. ఉద్యోగం మానేసి సొంతంగా బోర్డు కట్టుకున్నాక అయినా వదులుతుందేమో అనుకుంటే, బోర్డుకంటే ముందు ఆ పేరే కొత్త ఆఫీసులోకి వచ్చి కూర్చుంది.

పక్కన గోడకి ఆనుకుని ఓ అమ్మాయి నిలబడి ఉంది. ఆస్పత్రిలో నర్సు. రాత్రి డ్యూటీ చేసిన బట్టల్లోనే ఉంది. ఆమె మేనత్త డ్రాయింగ్ టీచరుగా చేసి రిటైరైన మనిషి. ఆదివారం పొద్దున టూరిస్టు లాంచీలో దీవి మీది పాత కోటకి వెళ్లి, ఇంటికి చేరలేదు. ఇవాళ మంగళవారం. ఆ దీవిలో మనుషులు ఉండరు, తాగడానికి చుక్క మంచినీళ్లు దొరకవు. లాంచీ మళ్లీ వెళ్లేది వచ్చే ఆదివారమే. అత్త ఇంకా అక్కడే ఉండిపోయి ఉంటే అంతవరకూ బతకదు. ఆ అమ్మాయికి కావలసింది ఒక్కటే, ఎవరో ఒకరు ఇవాళే దీవికి వెళ్లి చూడాలి.

టీచరమ్మ పెళ్లి చేసుకోలేదు. ఒక మేడ మీద వాటాలో ఒక్కతే ఉంటుంది. నెలకో ఆదివారం లాంచీ ఎక్కి దీవికి పోయి, కోట నీడలో కూర్చుని బొమ్మలు గీసుకుని, సాయంత్రానికి తిరిగొస్తుంది. మర్నాడు పొద్దున మేనకోడలికి ఫోన్ చేసి ఎండ ఎలా ఉందో, గాలి ఎలా కొట్టిందో కాసేపు చెబుతుంది. నిన్న ఆ ఫోన్ రాలేదు. మేడ మెట్లెక్కి చూస్తే ఇంటికి తాళం. కింద వాటావాళ్లు టీవీ మీంచి కళ్లు తిప్పకుండా, అయ్యో, ఉందనే అనుకుంటున్నామే అన్నారు. అక్కణ్ణుంచి అమ్మాయి పోలీసుల దగ్గరికి పరిగెత్తింది. ఇస్త్రీ జాకెట్ల సిద్ధాంతం వినిపించి పంపేశాడు. ఈ పొద్దున డిటెక్టివ్ పాల ప్యాకెట్ కోసం తలుపు తీస్తే గుమ్మం ముందు మెట్టు మీద ఆ అమ్మాయి కూర్చుని ఉంది.

డిటెక్టివ్‌దీ ఒంటికాయ శొంఠికొమ్ము బతుకే. భార్య పోయి చాలా ఏళ్లయింది. ఒక కంచం, ఒక గ్లాసు, ఒక కుర్చీ. రెండు రోజులు తను కనపడకపోతే ఎవరు మెట్టెక్కి చూస్తారా అని, ఆ అమ్మాయి చెబుతున్నంతసేపూ ఆయన మనసులో ఒకటే గొడవ. పాలవాడు సైతం ప్యాకెట్ మీద ప్యాకెట్ పెట్టి పోయే రకమే. ఆలోచించడానికి టైమివ్వమని ఎవరికైనా చెప్పేవాడు, ఈ అమ్మాయికి చెప్పలేకపోయాడు.

ఆమె ఇంకో సంగతి కూడా చెప్పింది. పోయిన నెల అత్త ఫోన్‌లో, దీవికి ఒక గోడ ఎక్కువైందే అంది. తను వార్డులో హడావిడిగా ఉండి, సరే అత్తా తర్వాత మాట్లాడతా అని పెట్టేసింది. ఆ తర్వాత మాట్లాడనేలేదు. కింద వాటావాళ్ల మాటని బట్టి, అత్త పాత కట్టడాల ఆఫీసుకి పోయి చెబితే అక్కడి గుమాస్తా, కోటల గోడలు కూలతాయి గానీ మొలుస్తాయా అమ్మా అని నవ్వాడట. ఎవరూ చెవిన వేసుకోలేదు కాబట్టి తనే తేల్చుకుందామని ఈసారి పోయి ఉంటుంది, ఆ రోజు రెండు నిమిషాలు విని ఉంటే నా సొమ్మేం పోయేది అంటూ ఆ అమ్మాయి ఏడ్చేసింది.

ఇస్త్రీకి ఇవేవీ పట్టలేదు. అతని మాటా పూర్తిగా కొట్టిపారేసేది కాదు. లాంచీ ఎక్కేటప్పుడు మనిషికో లైఫ్ జాకెట్ ఇస్తారు. ఆ బరువేసుకుని కోట మెట్లెక్కడం ఎవరి తరమూ కాదు కనక, దీవి రేవులో దిగగానే అందరూ వాటిని విప్పి అక్కడి ఇనప కమ్మీకి తగిలించి పోతారు. తిరిగొచ్చేటప్పుడు తలా ఒకటి తీసుకుని ఎక్కుతారు. లాంచీ నడిపే సరంగు తలలు లెక్కపెట్టడు. ఫొటోలంటూ అటూ ఇటూ తిరిగే తలలని లెక్కపెట్టడం ఎవరి వల్లా కాలేదట. కమ్మీ ఖాళీ అయిందా, అందరూ ఎక్కినట్టే. హారన్ కొట్టి బయల్దేరడమే. ఏళ్ల తరబడి అదే పద్ధతి, ఏనాడూ తేడా రాలేదు. ఆదివారం నాలుగింటికి కూడా కమ్మీ ఖాళీయే. అంటే టీచరమ్మ ఎక్కింది, ఇవతలి ఒడ్డున దిగింది. దిగాక ఏ స్నేహితురాలి ఇంటికి పోయిందో పోలీసులకెలా తెలుస్తుంది?

"జాకెట్ల లెక్క తప్పదు సార్," అన్నాడు ఇస్త్రీ. "మీ చాదస్తం కోసం లాంచీని అంత దూరం తిప్పలేను."

"లెక్క తప్పిందని నేననలేదే. జాకెట్లు చూస్తానంటున్నాను."

చూసుకోండి అని చేయి ఊపాడు గానీ, చాదస్తాన్ని ఒంటరిగా వదిలితే ఏం తవ్వుతాడోనని ఇస్త్రీయే టోపీ పెట్టుకుని వెంట బయల్దేరాడు. అమ్మాయి వాళ్ల వెనకే నడిచింది.

లాంచీ రేవులో కట్టేసి ఉంది. సరంగు నూనె గుడ్డతో ఇంజన్ తుడుస్తున్నాడు. మాట పొదుపు మనిషి. డిటెక్టివ్ అడిగినవాటికి తల ఊపడమే తప్ప నోరు విప్పలేదు. అయినా కాసేపటికి ఒక సంగతి బయటికొచ్చింది. లాంచీలో బల్లలన్నీ జంటలకీ కుటుంబాలకీ సరిపోతాయి. ఒంటరిగా వచ్చినవాళ్లని, సరంగు వీపు వెనక ఇంజన్ మీద మూసిన చెక్క పెట్టె ఉంటుంది, దాని మీద కూర్చోబెడతారు. టీచరమ్మ సీటు ఎప్పుడూ అదే. ఆదివారం పోయేటప్పుడూ అక్కడే కూర్చుంది, వచ్చేటప్పుడూ అక్కడే కూర్చుంది.

వచ్చేటప్పుడు వెనక్కి తిరిగి చూశావా అని డిటెక్టివ్ అడిగాడు. ఒకసారి చూశానన్నాడు సరంగు. గడ్డి టోపీ పెట్టుకుని తల వంచుకుని కూర్చుంది, ఆవిడ ఎప్పుడూ అంతేనట.

"మొహం చూశావా?"

సరంగు నూనె గుడ్డని మడిచాడు, విప్పాడు, మళ్లీ మడిచాడు. "టోపీ చూశాను సార్," అన్నాడు.

టికెట్టాయన తీరు దీనికి పూర్తిగా ఎదురు. నలభై ఏళ్లుంటాయి, ఎవరితోనైనా ఇట్టే వరస కలిపేస్తాడు. జాకెట్లు తొడిగేదీ, తాడు కట్టేదీ, చేయి పట్టి దింపేదీ అతనే. నర్సుని చూడగానే పాపా అన్నాడు, కూర్చోమని తుండుతో బల్ల తుడిచాడు. టీచరమ్మ నాకు సొంత అక్కలాంటిది సార్ అని మొదలుపెట్టి గడగడా చెప్పేశాడు. ఆదివారం తనే ఆమె చేయి పట్టి దింపాడు, తనే జాకెట్ అందుకున్నాడు, వచ్చే నెల కలుద్దాం టీచరమ్మా అన్నాడు, ఆమె బతికుంటే అని నవ్వింది. డిటెక్టివ్ తన అలవాటు కొద్దీ అదే ప్రశ్నని మూడు రకాలుగా అడిగాడు. మూడుసార్లూ అదే జవాబు, ఒక్క మాట అటూ ఇటూ కాలేదు. విన్నారా అన్నట్టు ఇస్త్రీ కనుబొమ్మలెగరేశాడు.

డిటెక్టివ్ విన్నాడు, తనకి తోచిన లెక్క తను వేసుకున్నాడు. ఇలాంటి సాక్షులని ఆయన ఉద్యోగంలో చాలామందిని చూశాడు. అబద్ధాలకోరులు కారు. ప్రతి నెలా జరిగేది కాబట్టి మొన్న కూడా జరిగే ఉంటుందని నమ్మేస్తారు, నమ్మిందే కళ్లతో చూసినట్టు చెబుతారు. పాపం, మంచివాడే అనుకుని అతన్ని వదిలేసి జాకెట్ల పెట్టె తెరిపించాడు.

పెద్దవాళ్ల జాకెట్లు నారింజ రంగువి, దొంతరగా పేర్చి ఉన్నాయి. ఓ మూల పిల్లల కోసం చిన్నవి కొన్ని, పసుపు రంగువి. ఆదివారం తర్వాత వీటిని ఎవరూ ముట్టుకోలేదన్నారు. టీచరమ్మ ఏది వేసుకుందని అడిగితే, ఈసారి ఎవరూ బతిమాలకుండానే సరంగు నోరు విప్పాడు. ఆవిడ పిట్ట మనిషి సార్, పెద్దది వేస్తే తల మీంచి ఊడిపోతుంది, అందుకని ఎప్పుడూ పిల్లలదే వేస్తాం అన్నాడు. ఆదివారం లాంచీలో పిల్లలెవరైనా ఉన్నారా? ఒక్కరూ లేరు. ఏదో ఆఫీసువాళ్ల విహారయాత్ర, అందరూ పెద్దవాళ్లే.

డిటెక్టివ్ మోకాళ్ల మీద కూర్చుని పసుపు జాకెట్లని ఒక్కొక్కటే పైకి తీశాడు. అన్నీ దుమ్ము పట్టి, పట్టీలు మడత పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. అడుగున ఒకటి మాత్రం వేరుగా ఉంది. పట్టీని ఇక లాగడానికి లేకుండా చివరికంటా వదులు చేశారు. చంక దగ్గర కుట్టు పిగిలి లోపలి స్పాంజి కనపడుతోంది. కాలర్ లోపలి వైపు, మెడ ఆనే చోట, చెమటలో తడిసి ఆరిన తెల్లటి పెచ్చు. వేలితో రాసి, తడి చేసి వాసన చూశాడు. సున్నం.

ఎక్కడో గోడకి రాసుకుని ఉంటుందిలెండి అన్నాడు ఇస్త్రీ.

గోడకి రాసుకుంటే బయటి వైపు అంటుతుంది, మెడ వైపు అంటదు అన్నాడు డిటెక్టివ్. ఆ జాకెట్‌ని ఇస్త్రీ మెడకి తొడగబోయాడు. ఎక్కడ మరకవుతుందోనని అతను రెండడుగులు వెనక్కి గెంతాడు. అప్పుడు డిటెక్టివ్ నింపాదిగా విడమరిచి చెప్పాడు. కమ్మీ నిండా పెద్ద జాకెట్లు వేలాడుతుంటే ఏ పెద్ద మనిషైనా కుట్లు పిగిలేలా పిల్లల జాకెట్‌లో దూరతాడా? వాడికి మిగిలింది అదొక్కటే. దాని మనిషి ఎక్కలేదు. దాన్ని కమ్మీ మీద వదిలేస్తే సరంగు లాంచీ కదపడు. అందుకని, అంతకుముందే ఏ చేపల పడవలోనో దీవికి చేరి సున్నం పని చేస్తున్నవాడెవడో దాన్ని తగిలించుకుని, ఆమె టోపీ పెట్టుకుని, ఆమె సీట్లో తల వంచుకుని కూర్చున్నాడు.

"నీ లెక్క సరిగ్గానే ఉందయ్యా," అన్నాడు డిటెక్టివ్. "వెళ్లినంతమందీ వచ్చారు. వెళ్లినవాళ్లే రాలేదు."

ఇస్త్రీ కాలర్ సవరించుకున్నాడు. అతనికి పొగరుంది గానీ మూర్ఖత్వం లేదు, చూసినదాన్ని చూడలేదనే రకం కాదు. నర్సు వైపు చూడలేక సముద్రం వైపు తిరిగి, లాంచీ తియ్యమని సరంగుకి చెప్పాడు. సరంగు అప్పటికే తాడు దగ్గర ఉన్నాడు. ఇన్నేళ్లూ కమ్మీనే చూశాను సార్, మనుషులని చూడలేదు అని ఒక్క మాటన్నాడు. ముడి విప్పాడు.

ఐదుగురూ బయల్దేరారు. టికెట్టాయన అలవాటుగా అందరికీ జాకెట్లు తొడిగి, అలవాటుగానే డిటెక్టివ్‌కి ఇంజన్ పెట్టె చూపించాడు. ఒక్కరే కదా సార్, ఇదే హాయి అన్నాడు.

హాయేమీ లేదు. కింద చెక్క వేడెక్కి కాలుతోంది, ఇంజన్ అదురుకి దవడలు వణుకుతున్నాయి. మాట్లాడదామన్నా పక్కన మనిషి లేడు, ఉన్నా వినపడదు. అక్కణ్ణుంచి కనపడేవి అందరి వీపులే. నెలనెలా ఆ టీచరమ్మ, మొగుడూ పెళ్లాలూ పిల్లలూ నిండిన పడవలో, ఇన్ని వీపులు చూసుకుంటూ గంటసేపు వెళ్లేది, గంటసేపు వచ్చేది. తనకైతే ఒక్కసారికే ఇక చాలనిపించింది. ఆ పెట్టె మీద టోపీ పెట్టిన ఎవరు కూర్చున్నా ఆమే అని అందరూ అనుకోవడం ఆయనకి భరించలేనంత దుఃఖం కలిగించింది.

నర్సుకి సముద్రం పడలేదు. దారి పొడుగునా పక్కకి వంగి వాంతులు చేసుకుంది. దీవి రేవు చేరేసరికి నిలబడితే కాళ్లు తేలిపోతున్నాయి. అయినా నేనూ వస్తానని లేచింది. డిటెక్టివ్ ఆపాడు. మీ అత్త కనపడిందంటే మొదట కావలసింది నువ్వే, నీళ్లూ మందులూ సిద్ధం చేసుకుని ఇక్కడే ఉండు అని నచ్చజెప్పాడు. టికెట్టాయన కూడా, పాపని నేను చూసుకుంటాను సార్, మీరు నిశ్చింతగా పోయి రండి అన్నాడు. సరంగు గునపం భుజాన వేసుకుని ముందు నడిచాడు.

కోటలో గాలి తప్ప ఏ సందడీ లేదు. ఇస్త్రీ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని టీచరమ్మా అని అరిచాడు. గాలి ఆ అరుపుని సముద్రం మీదికి ఎత్తుకుపోయింది. అరిచి లాభం లేదనుకుని డిటెక్టివ్ వేరే దారిలో ఆలోచించాడు. బొమ్మలు గీసే మనిషి ఎక్కడ కూర్చుంటుంది? నీడ ఉండాలి, ఆనుకోవడానికి చోటుండాలి, ఎదురుగా గీయడానికేదైనా ఉండాలి. అలా వెతుక్కుంటూ పోతే, ఒక పాత బురుజు నీడలో నున్నబడ్డ రాయి దొరికింది. చుట్టూ పెన్సిల్ చెక్కులు. కొన్ని కొత్తవి, కొన్ని వానకి తడిసి నల్లబడ్డవి. ఎన్నో నెలల చెక్కులు.

డిటెక్టివ్ ఆ రాయి మీద తనూ కూర్చున్నాడు. ఎదురుగా ఒకప్పుడు మందుగుండు దాచే కొట్లు, వరసగా, ఒకే పోలికలో ఉన్న కమాను గుమ్మాలు. ఒకచోట మాత్రం కమాను కింద గుమ్మం లేదు, రాతి గోడ ఉంది. ఎప్పట్నుంచో ఉన్నట్టే, కోట రాళ్లలాంటి రాళ్లతోనే కట్టి ఉంది. అక్కడ గోడే ఉండేదా అని సరంగుని అడిగితే, తెలీదు సార్, నేనెప్పుడూ పైకి రాలేదు, వీళ్లంతా తిరిగొచ్చేదాకా లాంచీలో నిద్రపోతాను అన్నాడు. ఇస్త్రీ గోడని తట్టి చూసి పాతదేనన్నాడు.

"పాతదైతే నాచు ఎండ వైపు ఎందుకుంటుంది?"

నిజమే. కోటంతటా నాచు నీడ వైపున పచ్చగా పట్టి ఉంది. ఈ ఒక్క గోడకి మాత్రం నడి ఎండ తగిలే వైపున నాచు, అదీ ఎండి గోధుమ రంగుకి తిరిగింది. ఎక్కడో నీడలో పడి ఉన్న రాళ్లని తెచ్చి పేర్చారు. డిటెక్టివ్ జేబులోంచి ఇంటి తాళంచెవి తీసి రాళ్ల సందులో గుచ్చాడు. కింది వరసల్లో దిగలేదు. పై వరసల్లో సగం దాకా దిగిపోయింది. కింద ఆరిన సున్నం, పైన ఇంకా ఆరని సున్నం.

సరంగు గునపంతో గోడ మీద గట్టిగా కొట్టాడు. ముగ్గురూ రాళ్లకి చెవి ఆనించి విన్నారు. ఏమీ లేదు. మళ్లీ కొట్టాడు. ఈసారి లోపల్నుంచి, ఎంతో దూరం నుంచి వచ్చినట్టు, టక్ టక్ మని చిన్న చప్పుడు.

సరంగు గునపం దించుతుంటే ఇస్త్రీ వట్టి చేతులతో రాళ్లు పెరికాడు. చొక్కా అంతా సున్నమైంది, మోచేతి దగ్గర చిరిగింది, ఆ సంగతే అతనికి తెలీలేదు. డిటెక్టివ్ తడి సున్నాన్ని గోళ్లతో గోకుతూ, వచ్చేశాం అమ్మా, వచ్చేశాం అని అంటూనే ఉన్నాడు. ఆ మాట పైకి అంటున్నానని ఆయనకీ తెలీదు. దెబ్బదెబ్బకీ కోట మారుమోగింది. కింద రేవు దాకా వినపడి ఉంటుంది.

తల పట్టేంత కంత పడ్డాక వెలుతురు లోపలికి పోయింది. చీకట్లో, ఎవరో దొంగచాటుగా దాచిన చెక్క పెట్టెలు దొంతరగా ఉన్నాయి. ఒక పెట్టె మీద ముడుచుకుని, నిజంగానే చిన్నపిల్లంత మనిషి కూర్చుని ఉంది. పెదాలు పగిలి రక్తం గడ్డకట్టాయి. కళ్లు వెలుతురుకి ఓర్చుకోలేక మూసుకుపోతున్నాయి. డిటెక్టివ్ నీళ్ల సీసా లోపలికి అందించి, గుటకగుటకగా తాగమన్నాడు. ఆమె అలాగే తాగింది. ఆ తర్వాత ఆయన చేతిని పట్టుకుని వదల్లేదు.

"ఎవరు మీరు? నా కోసం వచ్చారా?"

మీ కోసమే అన్నాడు డిటెక్టివ్. ఆమె నమ్మలేదు. కోట చూడ్డానికి వచ్చి చప్పుడు విన్నారా అని మళ్లీ అడిగింది. కాదమ్మా, మిమ్మల్నే వెతుక్కుంటూ వచ్చాం అని మళ్లీ చెప్పాడు. అప్పుడు ఆమె కళ్లలోంచి నీళ్లు కారాయి. రెండు రోజులు ఎండిన ఒంట్లో ఆ కన్నీళ్లు ఎక్కడ మిగిలాయో మరి.

మాటలు కూడదీసుకుని ఆదివారం జరిగింది చెప్పింది. కొత్త గోడ సగం దాకా లేచి ఉంది. లోపల ఏముందోనని ఆమె తొంగి చూసింది. వెనక నుంచి ఎవరో ఎత్తి లోపల పడేశారు. పడినప్పుడు తలకి దెబ్బ తగిలి స్పృహ తప్పింది. తెలివొచ్చేసరికి ఆఖరి రాళ్లు పెడుతున్నారు. పెట్టేవాడు తాపీ మేస్త్రీ, ఆమె ఎప్పుడూ చూడని మనిషి. వాడు భయపడుతున్నాడు. ఈవిడ కోసం వెతుక్కుంటూ వస్తారు, మన పని అయిపోతుంది అన్నాడు. పక్కనున్నవాడు ధైర్యం చెప్పాడు.

"ఈవిడ కోసం ఎవరూ అడగరు, నేను ఏళ్లుగా చూస్తున్నా అన్నాడండీ. ఈ టోపీ పెట్టుకుని ఇంజన్ పెట్టె మీద కూర్చో, అంతే చాలు అన్నాడు." ఆమె ఆగి ఊపిరి పీల్చుకుంది. "రెండు రోజులూ చీకట్లో అదే ఆలోచించాను. వాడు చెప్పింది నిజమేననిపించింది."

"ఎవరమ్మా, ఆ మాటన్నది?"

"మా టికెట్టాయనే. నెలనెలా నా జాకెట్ పట్టీ బిగించేవాడు."

డిటెక్టివ్‌కి పొద్దున టికెట్టాయన చెప్పిన జవాబు గుర్తొచ్చింది. మూడుసార్లు అడిగితే మూడుసార్లూ ఒక్క మాట తేడా లేకుండా చెప్పాడు. అలవాటులో చెబుతున్నాడనుకున్నాడు తను. బట్టీపట్టి అప్పజెప్పాడు వాడు. ఆ పాటి తేడా పసిగట్టలేని చాదస్తం ఎందుకని తనని తనే తిట్టుకున్నాడు. ఇస్త్రీ ఒక్క క్షణం ఆయన మొహంలోకి చూసి, రేవు వైపు పరుగు తీశాడు.

టీచరమ్మకి ఇదేమీ పట్టలేదు. ఆమెకి కావలసింది వేరే. నా కోసం ఎవరడిగారు, ఎవరు పంపారు మిమ్మల్ని అని చేయి ఊపి ఊపి అడుగుతోంది.

మీ మేనకోడలు అడిగిందమ్మా అని చెప్పాడు డిటెక్టివ్. నిన్న పోలీసులని అడిగింది, వాళ్లు కాదంటే ఈ పొద్దున నా గుమ్మం ముందు కూర్చుంది, నేను కదిలేదాకా లేవలేదు, ఆ గోడ సంగతి విననందుకు ఏడుస్తూనే ఉంది. వింటున్నకొద్దీ ఆ ముఖంలోకి ప్రాణం వచ్చింది. పగిలిన పెదాలతోనే నవ్వింది. పిచ్చిది, దానికి సముద్రం అసలు పడదే, చిన్నప్పట్నుంచీ అంతే అంది.

అప్పుడు కింద రేవులోంచి ఇంజన్ చప్పుడు మొదలైంది. ఒకసారి దగ్గినట్టు ఆగి, మళ్లీ అందుకుని, దడదడమంటూ ఊపందుకుంది. ఆమె చెవి ఒగ్గి వింది. మన లాంచీయే కదూ, సరంగు తొందరపడుతున్నట్టున్నాడు అంది.

సరంగు గునపం పట్టుకుని ఆయన పక్కనే నిలబడి ఉన్నాడు. ఇంజన్ చప్పుడు రేవు నుంచి పక్కకి జరిగింది, గాలిలో పలచబడుతోంది. ఎక్కడో మెట్ల మీద ఇస్త్రీ ఆగు ఆగు అని అరుస్తున్నాడు.

"ఏదండీ అది? పైకి రాలేదా?" టీచరమ్మ కంతలోంచి ఆయన వెనక్కి చూడ్డానికి ప్రయత్నిస్తోంది. "మా పిల్ల ఎక్కడుంది?"

ఆమె పట్టుకున్న చేతిని విడిపించుకుంటే తప్ప ఆయన పరిగెత్తలేడు. విడిపించుకోవడానికి ఆయనకి మనసు రాలేదు.

"లాంచీలో ఉందమ్మా," అన్నాడు డిటెక్టివ్.